జ్ఞాపకం నిలవని మనిషికి కొత్త పని నేర్పడం ఎలా

మొట్టమొదట ఆపాల్సింది పరీక్షలు పెట్టడం. "నేనెవరో చెప్పండి చూద్దాం", "నిన్న మనింటికి ఎవరొచ్చారు?", "ఇందాక ఏం చెప్పాను?" లాంటి ప్రశ్నలన్నీ మానేయండి. ఇంటికొచ్చే బంధువులకు కూడా లోపలికి రాకముందే ఈ మాట చెప్పండి.

మా నాన్న ఆస్పత్రి నుంచి వచ్చాక మొదటి రెండు నెలలు నేను రోజంతా ఇవే అడిగాను. అడుగుతూ ఉంటే మెదడుకు పదును పెట్టినట్టు ఉంటుందని నమ్మాను. మా బాబును ఎదురుగా నిలబెట్టి "వీడి పేరేంటి నాన్నా?" అంటే, ఆయన కాసేపు వాడి ముఖంలోకి చూసి మా తమ్ముడి పేరు చెప్పారు. కాదని సరిదిద్దాను. మర్నాడు అదే ప్రశ్న, అదే తప్పు పేరు. వారం తిరిగేసరికి బాబును చూడగానే ఆ తప్పు పేరే నోటికి రావడం మొదలైంది. నేను సరిదిద్దిన సంగతి మాత్రం ఒక్కరోజు కూడా నిలవలేదు. బాబుకు అప్పుడు మూడేళ్లు. తాతయ్య తనను వేరే పేరుతో పిలిస్తే వాడు నా వెనక దాక్కునేవాడు.

ఎందుకిలా అయిందో నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మనం ఒక తప్పు చేస్తే, ఆ తప్పు చేసిన సందర్భం గుర్తుంటుంది. "నిన్న ఇలాగే అని నాలుక కరుచుకున్నాను కదా" అనిపించి రెండోసారి ఆగుతాం. జ్ఞాపకం దెబ్బతిన్న మనిషికి ఆ సందర్భం మిగలదు. కానీ నోటితో ఒకసారి అన్న మాట, చేత్తో ఒకసారి చేసిన పని మాత్రం లోపల ఒక అలవాటుగా పడిపోతాయి. రెండోసారి అదే ముందుకొస్తుంది. అది తప్పని హెచ్చరించే జ్ఞాపకం ఉండదు. 1994లో అలన్ బాడ్లీ, బార్బరా విల్సన్ అనే ఇద్దరు బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించి చూపించారు. ఊహించి చెప్పమన్నప్పటికంటే, తప్పుకు అవకాశమే ఇవ్వకుండా సరైన జవాబును ముందే అందించినప్పుడు ఇలాంటివాళ్ళు బాగా నేర్చుకున్నారు. ఈ ఒక్క సంగతి ఎవరైనా నాకు మొదటి రోజే చెప్పి ఉంటే రెండు నెలలు నాన్నను అలా ఇబ్బంది పెట్టేదాన్ని కాదు. అందుకే రాస్తున్నాను.

ఏది పోయింది, ఏది ఉంది

నాన్న వాచీలు బాగుచేసేవారు. ముప్ఫై ఏళ్లకు పైగా అదే పని. 58వ ఏట జ్వరం, తలనొప్పితో మొదలై మూడో రోజుకల్లా మాట పొంతన లేకుండా పోయింది. హెర్పిస్ సింప్లెక్స్ వైరస్ వల్ల వచ్చిన మెదడువాపు అన్నారు. ఎసైక్లోవిర్ అనే మందు ఆయన ప్రాణం నిలబెట్టింది. అయితే ఈ వైరస్ ఎక్కువగా దెబ్బతీసేది కణతలకు లోపలి వైపు ఉండే మెదడు భాగాన్ని. హిప్పోక్యాంపస్ ఉండేది అక్కడే. ఈ రోజు జరిగింది రేపటికి జ్ఞాపకంగా నిలబడాలంటే అది పనిచేయాలి. నాన్నకు అది రెండు వైపులా దెబ్బతింది.

ఈ సంగతి ప్రపంచానికి తెలిసింది హెన్రీ మోలైసన్ అనే అమెరికన్ వల్ల. మూర్ఛలు తగ్గడం కోసం 1953లో, ఆయనకు 27 ఏళ్లప్పుడు, విలియం స్కోవిల్ అనే సర్జన్ ఆయన మెదడులో రెండు వైపులా హిప్పోక్యాంపస్ భాగాలను తీసేశారు. మూర్ఛలు బాగా తగ్గాయి. కానీ ఆ తర్వాత 2008లో చనిపోయేవరకూ ఆయనకు కొత్త జ్ఞాపకాలు దాదాపు ఏర్పడలేదు. తెలివితేటలు తగ్గలేదు, మాట పోలేదు, మర్యాద పోలేదు. మనం చెప్పిన అంకెలను వెంటనే తిరిగి చెప్పగలిగేవారు. మనసులో అనుకుంటూ ఉన్నంతసేపు ఒక అంకెను నిమిషాల తరబడి పట్టుకోగలిగేవారు కూడా. దృష్టి పక్కకు మళ్ళిందంటే అంకె పోయేది, తననెవరో ఒక అంకె గుర్తుపెట్టుకోమన్నారన్న సంగతీ పోయేది.

నాన్న విషయంలో నన్ను మొదట్లో బాగా తికమక పెట్టింది ఇదే. ఫోన్ నంబరు చెబితే పది అంకెలూ నాతోపాటు అనుకుంటూ తప్పు లేకుండా నొక్కేవారు. ఆ నొక్కే మధ్యలో ఎవరైనా పలకరిస్తే, ఎవరికి ఫోన్ చేస్తున్నారో కూడా తెలిసేది కాదు. "ఇంత బాగా నొక్కినాయన అది మర్చిపోవడమేంటి, ధ్యాస పెట్టడం లేదు" అని మా తమ్ముడు కోప్పడేవాడు. ధ్యాస పెట్టినంతసేపు పట్టుకునే శక్తి వేరు, ధ్యాస వదిలాక కూడా నిలబెట్టే శక్తి వేరు. నాన్నకు పోయింది రెండోది. ఇది ఇంట్లో అందరికీ అర్థమయ్యేవరకూ కోపాలు తగ్గవు. అర్థమయ్యాక మా తమ్ముడు మళ్ళీ ఎప్పుడూ ఆయన మీద గొంతు పెంచలేదు.

ఇక మిగిలిన వాటి సంగతి. 1962లో బ్రెండా మిల్నర్ అనే శాస్త్రవేత్త హెన్రీ మోలైసన్‌తో ఒక పని చేయించిన వివరాలు ప్రచురించారు. కాగితం మీదున్న నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడపాలి, కానీ చేతిని నేరుగా చూడకూడదు, అద్దంలో చూస్తూ గీయాలి. ఎవరికైనా మొదట చెయ్యి ఎటో పోతుంది. ఆయన మూడు రోజుల్లో ముప్ఫైసార్లు గీశారు, రోజురోజుకూ తప్పులు తగ్గాయి. మూడో రోజు కూడా ఆయన దృష్టిలో అది కొత్త పనే, ఇంతకుముందు చేసినట్టు గుర్తు లేదు. చేతి నేర్పు హిప్పోక్యాంపస్ మీద ఆధారపడదని అలా తెలిసింది. అది మెదడు లోపలుండే బేసల్ గాంగ్లియా, వెనకనుండే చిన్నమెదడు లాంటి వేరే భాగాల పని.

మాటల అర్థాలు, లోకజ్ఞానం కూడా చాలావరకూ మిగులుతాయి. టొరంటోలో కెంట్ కాక్రేన్ అనే ఆయన ఉండేవారు. 1981లో మోటార్‌సైకిల్ ప్రమాదంలో మెదడు దెబ్బతింది. తన గురించిన వాస్తవాలు కొన్ని, ప్రమాదానికి ముందు నేర్చుకున్న విషయాలు తెలుసు. కానీ తన జీవితంలో ఫలానా రోజున ఫలానా చోట ఇలా జరిగిందని ఒక్క సంఘటన కూడా ఆయన తలుచుకోలేకపోయారు. రేపు ఏం చేస్తారని అడిగినా మనసులో ఏమీ కనిపించేది కాదు. గతాన్ని తలుచుకోవడానికీ రేపటిని ఊహించుకోవడానికీ మెదడు చాలావరకూ ఒకే సరంజామా వాడుతుందట. ఇది చదివాక నేను "రేపు ఎక్కడికి వెళ్దాం నాన్నా?" అని అడగడం మానేశాను. రెండు దుస్తులు చేతుల్లో పట్టుకుని "ఏది వేసుకుంటారు?" అని అడిగితే చాలు, క్షణంలో ఎంచుకుంటారు. ఎంపిక ఆయనదే అవుతుంది.

ముందు ఒక వారం ఊరికే చూడండి

నేర్పడం మొదలుపెట్టే ముందు, మీ ఇంట్లో మనిషికి ఏది మిగిలిందో మీరే వెతకాలి. ఆస్పత్రిలో మెమొరీ టెస్టులు చేసి ఎంత పోయిందో అంకెల్లో ఇస్తారు, అదీ అవసరమే. మిగిలినదాన్ని మాత్రం ఇంట్లోవాళ్ళే చూడగలరు. నేను ఒక నోట్‌బుక్ పెట్టుకుని, ఎవరూ చెప్పకుండా నాన్న తనంతట తాను సరిగ్గా చేసినవి మాత్రమే రాశాను. తప్పులు రాయలేదు. మొదటి రోజు ఏడు విషయాలు దొరికాయి. షేవింగ్ చేసుకున్నారు. రేడియో బిరడా తిప్పి స్టేషన్ సరిగ్గా పట్టారు. మా అమ్మ కళ్లజోడు స్క్రూ వదులైతే వేలిగోరుతో బిగించారు. వార్తాపత్రిక చదివి ఒక వార్త మీద చక్కగా వాదించారు (పది నిమిషాల తర్వాత అదే వార్తను కొత్తగా చదివారు, అది వేరే సంగతి). వారం చివరికి ఆ జాబితా మూడు పేజీలైంది. రెండు నెలల్లో నేను ఏడవకుండా పడుకున్న మొదటి రాత్రి అది.

చూసేటప్పుడు పాతవాటిలో ఎంత వెనక్కి వెళ్తే గట్టి నేల తగులుతుందో కూడా గమనించండి. దగ్గరి జ్ఞాపకాలు ముందు పోయి, పాతవి నిలబడటం మామూలే. థియోడ్యూల్ రిబో అనే ఫ్రెంచ్ పండితుడు 1881లోనే ఈ మాట రాశారు. నాన్నకు జబ్బుకు ముందు పన్నెండేళ్లు దాదాపు లేవు, అంతకుముందువి బాగానే ఉన్నాయి. అంటే ఆయన మనసులో నేను ఇంకా చదువుకుంటున్న పిల్లను. ఇది తెలిశాక, ఆయనకు ఏది చెప్పినా ఆ గట్టి నేల మీద నుంచి మొదలుపెట్టడం అలవాటైంది. "మీ పాత షాపులో కిటికీ పక్కన పెట్టిన బల్ల ఉంది కదా, అదే ఇప్పుడు ఇక్కడ ఉంది" అంటే వెంటనే అందుకుంటారు.

జేబులో పుస్తకం అలవాటు చేయడం

ఒక్కటే నేర్పగలిగితే ఇది నేర్పండి: సందేహం వస్తే జేబులోని పుస్తకం చూడటం. పుస్తకం కొనివ్వడం తేలిక. తనకొక పుస్తకం ఉందని గుర్తులేని మనిషి దాన్ని తీసేదెలా? కాబట్టి పుస్తకంలో ఏముందో గుర్తుపెట్టుకోమని అడగకూడదు. చెయ్యి జేబుకు వెళ్లడాన్ని అలవాటుగా మార్చాలి. చెయ్యి నేర్చుకోగలదు.

మేం చేసింది ఇలా. ఎప్పుడూ ఒకే సైజు పుస్తకం, ఒకే రంగు అట్ట, ఎప్పుడూ ఎడమ జేబు. నాన్న ఎదురుగా కూర్చుని "నాన్నా, ఏదైనా సందేహం వస్తే మీరు జేబులో పుస్తకం చూస్తారు" అని నేనే చెప్పేదాన్ని. వెంటనే "సందేహం వస్తే ఏం చేస్తారు?" అని అడిగేదాన్ని. జవాబు ఇంకా చెవిలోనే ఉంటుంది కాబట్టి తప్పు రాదు. "పుస్తకం చూస్తాను" అని ఆయన అనగానే, నోటితో అంటే చాలదు, చేత్తో తీసి తెరవాలి. ఆ తర్వాత ఏదో ఒక కబురు చెప్పి పదిహేను సెకన్లకు మళ్ళీ అదే ప్రశ్న, అవే మాటల్లో. తర్వాత ముప్ఫై సెకన్లకు, నిమిషానికి, రెండు నిమిషాలకు, నాలుగుకు, ఎనిమిదికి. ఎక్కడైనా ఆయన తడబడుతున్నట్టు కనిపిస్తే ఎదురుచూడకూడదు. "ఆలోచించండి, మీకు తెలుసు" అనకూడదు. వెంటనే జవాబు మీరే చెప్పి, ఇంతకుముందు సరిగ్గా చెప్పిన వ్యవధికి తిరిగి వెళ్ళాలి.

పరీక్షలు వద్దని చెప్పి నేనే ప్రశ్న అడుగుతున్నాను కదా అని మీకు అనిపించవచ్చు. జవాబు చేతిలో పెట్టి అడగడం వేరు. ఊహించమనడం, జ్ఞాపకంలో తవ్వి తీయమనడం వేరు. చేయకూడనిది ఈ రెండోదే.

రోజుకు రెండు విడతలు, ఒక్కోటి ఇరవై నిమిషాలు. పదకొండో రోజున, నేను వంటగదిలో ఉండగా హాల్లో నాన్న లేచి నిలబడి అటూ ఇటూ చూశారు. ఎక్కడున్నారో తెలియనప్పుడు ఆయన ముఖం ఎలా ఉంటుందో నాకు తెలుసు. నేను వెళ్ళేలోపే చెయ్యి ఎడమ జేబుకు వెళ్ళింది. పుస్తకం తీసి మొదటి పేజీ చదువుకుని కూర్చున్నారు. తర్వాత అడిగితే ఆ పుస్తకాన్ని ఎప్పుడూ చూడలేదన్నారు.

ఇందులో ఒక చిక్కు ఉంది, దాన్ని ముందే తెలుసుకోవాలి. ఇలా నేర్చుకున్నది చాలా బిరుసుగా ఉంటుంది. నేర్పినది నేర్పినట్టే ఉండాలి, కాస్త మారినా అందదు. నీలం రంగు మాత్రల డబ్బాతో నేర్పాక అది పగిలి తెల్లది తెస్తే నాన్నకు అది మాత్రల డబ్బానే కాదు. మళ్ళీ రెండు వారాలు పట్టింది. కాబట్టి ఏ వస్తువుతో జీవితాంతం పని ఉంటుందో ఆ వస్తువుతోనే, అది ఉండే చోటే, రోజూ వాడే మాటలతోనే నేర్పండి. ముఖ్యమైనవాటికి అచ్చం అలాంటిదే ఇంకొకటి కొని దాచిపెట్టండి. మాటలు కూడా ఇంట్లో అందరివీ ఒకటే కావాలి. నేను "పుస్తకం" అంటే అమ్మ "డైరీ" అనేది. దాని వల్ల ఎన్ని రోజులు వృథా అయ్యాయో.

పేర్ల కోసం ఇంకో పద్ధతి ఉంది. గ్లిస్కీ, షాక్టర్, టల్వింగ్ అనే శాస్త్రవేత్తలు 1986లో జ్ఞాపకం పోయినవాళ్ళకు కంప్యూటర్ మాటలు నేర్పడానికి దీన్ని వాడారు. మరుసటి ఏడాది ఇలాంటి దారిలోనే ఒక మహిళకు డేటా ఎంట్రీ ఉద్యోగమే నేర్పగలిగారు. మా బాబు పేరు నాలుగక్షరాలు. వాడి ఫొటో కింద నాలుగూ రాసి నాన్నతో చదివించాను. కొన్నాళ్ళకు చివరి అక్షరం తీసేసి మూడే ఉంచాను, మిగిలింది ఆయనే పూరించారు. తర్వాత రెండు, తర్వాత ఒకటి. తడబడితే ఒక అక్షరం మళ్ళీ చేర్చాలి. మేం మొదట్లో అలవాటు చేసిన తప్పు పేరు ఉంది కదా, అది నోటికి వచ్చే సందే ఇవ్వకుండా, బాబు గదిలోకి వచ్చే ముందే నేను వాడి పేరు పెట్టి గట్టిగా పిలిచేదాన్ని. తప్పు పేరు కుదురుకోవడానికి పట్టింది ఒక వారం. దాన్ని వదిలించడానికి మూడు నెలలు.

అలారం గురించి ఒక మాట. ఊరికే మోగే అలారం పనికిరాదు. మోగుతుంది, నాన్న ఆపుతారు, ఎందుకు మోగిందో తెలియదు. ఏం చేయాలో అదే చెప్పాలి. బ్రిటన్‌లో బార్బరా విల్సన్, ఆమె సహచరులు పేజర్‌కు మెసేజ్ పంపే పద్ధతిని ఇలాంటివాళ్ళ కోసం ఎప్పుడో వాడి చూశారు. ఇప్పుడు ఫోన్ ఆ పని చేస్తుంది. మా ఇంట్లో ఎనిమిదింటికి నా గొంతుతో "నాన్నా, నీలం డబ్బా తెరిచి ఇవాళ్టి మాత్ర వేసుకోండి" అని వినిపిస్తుంది.

పాత పనిని తిరిగి చేతికివ్వడం

డాక్టర్లు వాచీల బల్ల గురించి ఏమీ అనలేదు. నేనే భయపడి ఆరు నెలలు దాన్ని మూసి ఉంచాను. అంత చిన్న భాగాలు, మధ్యలో మర్చిపోతే మనసు విరిగిపోతుందేమోనని. ఒకరోజు అమ్మ గోడ గడియారం ఆగిపోతే నాన్న దించి, వెనక తెరిచి, నన్ను ట్వీజర్ అడిగారు. కంటికి లూప్ (చిన్న భాగాలను పెద్దగా చూపే భూతద్దం) పెట్టుకోగానే వేళ్ళలో వణుకు పోయింది. ఆయన మళ్ళీ ఆయనలా కనిపించారు.

పియానో వాయించే బ్రిటిష్ సంగీతకారుడు క్లైవ్ వేరింగ్‌కు 1985లో మా నాన్నకు వచ్చిన జబ్బే వచ్చింది. ఆయన జ్ఞాపకం అరనిమిషం కూడా నిలిచేది కాదు, కానీ కూర్చోబెడితే పియానో వాయించేవారు. సంగీతం తనంతట తాను ముందుకు నడిపిస్తుంది, ఒక స్వరం తర్వాతి స్వరాన్ని తెస్తుంది. వాచీ పని అలా కాదు. మధ్యలో ఆగిందంటే, ఏది విప్పారో, ఏది తుడిచారో, ఏది మిగిలిందో ఆ భాగాలను చూసి చెప్పలేరు. చెయ్యి నేర్పు ఉంది, కానీ పని ఎక్కడిదాకా వచ్చిందన్న వరస లేదు. మీ ఇంట్లో మనిషి కుట్టుపని చేసినా, తోటపని చేసినా, వంట చేసినా ఇదే ఎదురవుతుంది.

అందుకు ఆ వరసను బల్ల మీదే పెట్టాను. పన్నెండు గళ్ళున్న ట్రే, గళ్ళకు అంకెలు. విప్పిన మొదటి భాగం ఒకటో గడిలో, రెండోది రెండో గడిలో. వెనక మూత, ముళ్ళు, డయల్, బ్యాలెన్స్ వీల్ అలా. ఎంతవరకు నిండిందో చూస్తే విప్పడం ఎంతవరకు వచ్చిందో తెలుస్తుంది. తిరిగి బిగించేటప్పుడు వెనక నుంచి ఖాళీ అవుతూ వస్తుంది. విప్పుతున్నారా, బిగిస్తున్నారా అన్నది తెలియడానికి బల్ల మీద ఒక అట్ట పెట్టాను, ఒకవైపు "విప్పుతున్నాను", రెండోవైపు "బిగిస్తున్నాను". మారినప్పుడు ఆయనే తిప్పాలి. దాన్ని తిప్పడం నేర్పడానికి, పుస్తకానికి చేసినట్టే చేశాను, తొమ్మిది రోజులు పట్టింది. ఒకసారి ఒక వాచీయే బల్ల మీద ఉండాలి. ఇది కచ్చితమైన నియమం.

కొత్త పనిముట్టు కూడా నేర్చుకున్నారు. వాచీ వెనక మూతను నొక్కి మూసే చిన్న ప్రెస్ తమ్ముడు తెచ్చాడు. ఇదివరకు నాన్న బొటనవేలితోనే నొక్కేవారు. మొదటి రోజు నేనే వాచీ సైజుకు సరిపడే బిళ్ళ (ప్రెస్‌కు బిగించి మూత మీద ఆనించేది) ఎంచి పెట్టి, ఆయన చేతి మీద నా చెయ్యి పెట్టి పిడి తిప్పించాను. రోజూ అదే వాచీ, అదే బిళ్ళ. రోజూ "ఇదేంటమ్మా, ఎప్పుడు తెచ్చారు?" అని అడిగేవారు. రెండో వారంలో ఒకరోజు అదే ప్రశ్న అడుగుతూనే, నేను చెప్పకుండానే బిళ్ళ తీసి బిగించి వాచీ పెట్టి పిడి తిప్పారు. నేను పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను.

భావాలు నిలుస్తాయి

"ఎలాగూ మర్చిపోతారు కదా" అనే మాట మా ఇంట్లో నేను నిషేధించాను. 1911లో ఎడ్వార్డ్ క్లాపరేడ్ అనే స్విస్ వైద్యుడు రాసిన ఒక అనుభవం ఉంది. జ్ఞాపకం పోయిన ఒక రోగితో చెయ్యి కలుపుతూ వేళ్ళ మధ్య దాచిన పిన్నుతో గుచ్చారు. ఆమె అది మర్చిపోయింది. కానీ తర్వాత ఆయన చెయ్యి చాపితే చెయ్యి వెనక్కి లాక్కుంది, ఎందుకో చెప్పలేకపోయింది. అలాంటి పని చేయడం నాకు నచ్చదు, కానీ దానివల్ల తెలిసిన సంగతి నిజం. 2010లో అమెరికాలో హిప్పోక్యాంపస్ దెబ్బతిన్నవాళ్ళకు దుఃఖం కలిగించే సినిమా దృశ్యాలు చూపిస్తే, దృశ్యాలు మర్చిపోయాక కూడా దుఃఖం మిగిలే ఉంది. సంతోషం కూడా అలాగే మిగిలింది.

ఒక సాయంత్రం టెన్షన్‌లో ఉండి నాన్న మీద గట్టిగా అరిచాను. పది నిమిషాల్లో ఆయన మర్చిపోయారు. మర్నాడు పొద్దున నేను దగ్గరికి వెళ్తే కుర్చీలో కాస్త వెనక్కి జరిగారు. ఆ జరగడం నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. ఇప్పుడు పొరపాటున గొంతు పెరిగితే, మర్చిపోయారని వదిలేయను. అదే రోజు పడుకునేలోపు ఆయన పక్కన బల్ల దగ్గర అరగంట కూర్చుంటాను. స్నానం, రక్తపరీక్ష లాంటి ఇష్టంలేని పని ఉంటే దాన్ని ఎప్పుడూ ఇష్టమైన పనితో ముగిస్తాను. సహాయానికి వచ్చే మనిషిని మార్చాల్సి వస్తే, కొత్త మనిషి మొదటి వారం ఏ బలవంతపు పనీ చేయించకూడదు, కబుర్లు మాత్రమే చెప్పాలి. పేరు గుర్తుండకపోయినా ఈమె దగ్గర భయం లేదన్నది నిలుస్తుంది.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న మాకు నాయనమ్మ గురించి. ఆమె పోయింది ఆ పన్నెండేళ్లలోనే. "అమ్మ ఏదమ్మా?" అని నాన్న అడిగితే మొదటిసారి నిజం చెప్పాను. అప్పుడే కబురు విన్నట్టు కుమిలిపోయారు. ఒకే రోజు మూడుసార్లు అలా జరిగింది. తర్వాత పుస్తకం మొదటి పేజీలో రాసి పెట్టాం, అది ఇంకా ఘోరం, ఒంటరిగా కూర్చుని చదువుకున్నారు. తీసేశాను. ఇప్పుడు ఆ ప్రశ్న వస్తే ముందు "నాయనమ్మ గుర్తొచ్చిందా నాన్నా? ఆమె గురించి చెప్పండి" అంటాను. చాలాసార్లు ఆయనకు కావాల్సింది అదే, చిన్నప్పటి సంగతులు చెప్పి తేలికపడతారు. "లేదమ్మా, ఉందా లేదా చెప్పు" అని సూటిగా అడిగితే అబద్ధం చెప్పను. పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, చెబుతాను. చెప్పాక అక్కడి నుంచి లేచి వెళ్ళను. వేరే ఇళ్లలో వేరేలా చేస్తారు. నిజాన్ని కాగితం మీద వదిలిపెట్టి వెళ్ళిపోవద్దని మాత్రం అందరికీ చెబుతాను.

"పొద్దున షాపుకు వెళ్ళొచ్చాను" అని నాన్న అంటే అది అబద్ధం కాదు. ఖాళీగా ఉన్న చోటును మెదడు పాత జ్ఞాపకంతో నింపుతుంది, ఆయన దాన్ని నమ్ముతారు. వాదించి గెలవాల్సిన పని లేదు. ప్రమాదం లేనిదైతే వదిలేయండి. ఉన్నదైతే, "మాత్ర వేసేసుకున్నాను" లాంటిదైతే, డబ్బా తెరిచి ఇద్దరూ కలిసి చూడండి.

గ్యాస్, తాళాలు, డబ్బు, బండి నడపడం, ఈ నాలుగింటినీ నేర్పుతో సరిపెట్టలేం. వాటికి మనిషి కాపలా ఉండాలి. నడపడం వచ్చినంత మాత్రాన ఎటు వెళ్తున్నారో గుర్తుంటుందని కాదు.

ఇంకా ఆస్పత్రికి వెళ్ళనివాళ్ళు ఇది చదువుతుంటే: జ్వరంతోపాటు మాట తికమకైనా, ప్రవర్తన మారినా ఆ రాత్రే తీసుకెళ్ళండి. ఈ మెదడువాపుకు మందు ఎంత త్వరగా పడితే అంత మంచిది. హఠాత్తుగా జ్ఞాపకం పోతే, అది కొన్ని గంటల్లో తిరిగొచ్చినా సరే, చూపించాలి. యాభై దాటినవాళ్ళలో ఒక్కరోజులోపే తగ్గిపోయే రకం ఒకటి ఉంది, కానీ అదేనని ఇంట్లో తేల్చుకోకూడదు. మద్యం ఎక్కువగా తాగేవాళ్ళలో, చాలాకాలం సరిగ్గా తిండి తినలేనివాళ్ళలో బి1 విటమిన్ లోపం వల్ల కూడా జ్ఞాపకం పోతుంది, దానికి ఆలస్యం చేయకుండా ఇంజెక్షన్లు కావాలి.

చివరగా, పుస్తకం నిండిపోయినప్పుడు ఏం చేయాలో చెప్పలేదు. పాత పుస్తకంలో పది పేజీలు మిగిలి ఉండగానే కొత్తది మొదలుపెట్టాలి. అదే సైజు, అదే అట్ట. మొదటి పేజీ మీరు రాయకండి. ఆ మనిషి చేతే పాతది చూసి కొత్తదాంట్లో రాయించండి. నా రాతలో ఉన్నది నాన్న చదివి "ఎవరో రాశారు" అని పక్కన పెట్టేవారు. తన రాతను మాత్రం నమ్ముతారు. పోయిన నెల ఆరో పుస్తకం మొదలుపెట్టాం. బల్ల దగ్గర కూర్చుని, లూప్ నుదుటి మీదకు తోసుకుని, పాత పేజీ చూసి ఒక్కో లైను రాశారు. "నాకు జబ్బు చేసి జ్ఞాపకం నిలవడం లేదు. నేను ఇంట్లోనే ఉన్నాను. అమ్మాయి ఇంట్లోనే ఉంది, పిలిస్తే వస్తుంది. బల్ల మీద వాచీ ఉంది."

"ఇది ఎవరు చెప్పారమ్మా?" అని అడిగారు.

"మీరే రాసుకున్నారు నాన్నా."

రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి, అక్షరాలు పోల్చి చూసుకున్నారు. "రాత నాదే" అన్నారు. కొత్త పుస్తకం ఎడమ జేబులో పెట్టుకుని, లూప్ కంటి మీదకు దించారు.